బిడ్డను ఎత్తుకొచ్చిన చేతులు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. చిన్న మాటే. చెప్పాలంటే ఒక్క ఊపిరి చాలు. చెప్పాల్సిన రోజున, అడగాల్సిన మనిషి ఎదురుగా నిలబడి అడిగినప్పుడు, దాన్ని మింగేశాను. మింగితే అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు. అన్నం తింటుంటే వస్తుంది. గుడిలో దండం పెడుతుంటే వస్తుంది. ఎవరింట్లోనైనా పసిబిడ్డ ఏడుపు వినిపించిందా, ఇక తప్పకుండా వస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాననుకుంటాను. పేరు దాచుకుని చేసే ఒప్పుకోలు ఏం ఒప్పుకోలమ్మా అని మీరు అడగొచ్చు. అడగండి. నేనూ అదే అడుగుతున్నాను.

నేను నర్సును. ఈ మధ్యే రిటైరయ్యాను. జనగామ వైపు, రైలు కూత వినిపించేంత దూరంలో ఉన్న ఒక దవాఖానలో కాన్పుల వార్డుకు చాలాకాలం ఇన్‌చార్జిగా ఉన్నాను. దవాఖాన పేరు వద్దు. తప్పు నాది, గోడలది కాదు. నా నోరు మంచిది కాదని అక్కడ పేరు. చిన్న నర్సులు వరండాలో నవ్వుకుంటూ వచ్చి, వార్డు గుమ్మం దగ్గరికి రాగానే నవ్వు ఆపేసేవారు. డాక్టర్లతో కూడా గొడవ పడ్డదాన్ని. అయినా నా వార్డు అంటే జిల్లాలో మంచి మాటే ఉండేది. ముఖ్యంగా ఒక విషయంలో.

మధ్యాహ్నం మేమంతా ఒకే బల్ల చుట్టూ చేరి డబ్బాలు విప్పేవాళ్లం. నర్సులు, ఆయాలు, ఊడ్చే ఆమె, అందరూ. ఒకరి కూర ఒకరు లాక్కునేవాళ్లం. ఎవరి డబ్బా ఎవరిదో చివరికి తెలిసేది కాదు. వేరే వార్డుల్లో ఎవరి మూల వారిది. మా దగ్గర అది లేదు. కొత్తగా వచ్చిన పిల్ల ఎవరైనా బెరుకుగా పక్కన కూర్చుంటే నేనే రెక్క పట్టి లాక్కొచ్చి కూర్చోబెట్టేదాన్ని. ఆ బల్లంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను. నా మనసులో కులం లేదని నాకు నేను ఇచ్చుకున్న సాక్ష్యం ఆ బల్లే.

కరుణ కూడా ఆ బల్ల దగ్గరే తినేది. అది అసలు పేరు కాదు. చిల్పూరు వైపు ఊరు. మాదిగ కుటుంబం, ఆదివారం చర్చికి పోయే ఇల్లు. కాంట్రాక్టు నర్సు. బస్సు దొరకలేదని వారంలో సగం రోజులు ఆలస్యంగా వచ్చేది, నేను తిడితే ఎదురు మాట్లాడేది, పని చేస్తూ చేస్తూ ఏదో పాట కూనిరాగం తీసేది. ప్రతిదానికీ 'ఎందుకక్కా?' అనేది. నాకు ఒళ్లు మండేది. కానీ కాన్పు గదిలో ఆమె పక్కనుంటే నాకు ధైర్యంగా ఉండేది. నొప్పులు పడే ఆడవాళ్లు ఆమె చెయ్యి పట్టుకుంటే వదిలేవారు కాదు. ఆమె తెచ్చే గోంగూర తొక్కు కోసం నేను ఇంటి నుంచి ఉత్త అన్నం పట్టుకొచ్చిన రోజులున్నాయి. క్రిస్మస్‌కు వాళ్లింటికి పోయి తిన్నాను. మా అత్తగారు ముఖం మాడ్చుకుంటే, పోతే పోనీ అనుకున్నాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నేను చేసింది వేరే కంచం, వేరే గ్లాసు లాంటిది కాదు. అలాంటిదైతే నాకే కనపడి ఉండేది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. బిడ్డ పుట్టగానే తుడిచి, మెత్తని బట్టలో చుట్టి, కాన్పు చేసిన నర్సే బయటికి ఎత్తుకొస్తుంది. తలుపు దగ్గర నాయనమ్మలు, అమ్మమ్మలు, మేనత్తలు కాచుకుని ఉంటారు. ఇంటి పెద్ద ఆమె కొంగు చాచి బిడ్డను అందుకుంటుంది. మొదట ఎత్తుకున్నవాళ్ల చెయ్యి మంచిదైతే బిడ్డ బతుకు బాగుంటుందని, వాళ్ల గుణాలే బిడ్డకు వస్తాయని ముసలివాళ్ల నమ్మకం. అందుకున్నాక నర్సు రెండు చేతులూ పట్టుకుని 'నీ చేతులు సల్లగుండ బిడ్డా' అంటారు. కాళ్లు లాగేలా నిలబడి చేసిన పనికి మాకు దక్కే దీవెన అది. జీతం ఆలస్యమైనా ఓర్చుకునేవాళ్లం గానీ, ఆ దీవెన లేకపోతే ఆ పని ఎవరూ చేయలేరు.

ఒకరోజు కరుణ ఒక ఆడబిడ్డను ఎత్తుకుని తలుపు దాకా వచ్చింది. నాయనమ్మ కొంగు చాచింది. చాచి, కరుణ ముఖం చూసింది. వాళ్లది కరుణ వాళ్ల పక్క ఊరు. 'నువ్వు ఫలానా ఆయన బిడ్డవు గదా' అంది. కరుణ నవ్వుతూ అవునవ్వా అంది. ముసలామె కొంగు వెనక్కి తీసుకుంది. తిట్టలేదు, అరవలేదు. మెల్లగా కరుణ భుజం మీదుగా లోపలికి చూసి, 'ఇంకెవలన్న లేరా బిడ్డా?' అని అడిగింది.

కరుణ బిడ్డను పట్టుకుని అలాగే నిలబడింది. ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

నేను గబగబా పోయాను. కరుణ చేతుల్లోంచి బిడ్డను తీసుకుని ముసలామె కొంగులో పెట్టాను. ఆమె ముఖం విప్పారింది. నా చేతులు పట్టుకుంది. 'సల్లగుండ' అంది. అంతే. అయిపోయింది. గొడవ లేదు, ఏం లేదు. డాక్టర్లనే ఎదిరించిన నా నోరు ఆ రోజు ఎటు పోయింది? 'ఇదేం మాట అవ్వా, నీ కోడలిని కాపాడింది గీ పిల్లనే' అని ఒక్క మాట అనలేకపోయానా? అనలేదు. అనాలని తట్టనే లేదు. గొడవ కాకుండా సర్దినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మరునాడు పొద్దున డ్యూటీలు మారే వేళ అందరినీ నిలబెట్టి ఒక రూలు చెప్పాను. ఇకమీదట బిడ్డను బయటికి చూపించేది ఇన్‌చార్జి మాత్రమే. నేను లేని రోజు పద్మ. పద్మ మా వార్డులో సీనియర్ నర్సు, మా ఇంటి లాంటి వ్యవసాయం ఇంటి మనిషే. ఎందుకంటే, అందరూ లోపలికీ బయటికీ తిరిగితే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, బిడ్డలు తారుమారయ్యే ప్రమాదం ఉంది అన్నాను. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. అందరూ తల ఊపారు. ప్రతిదానికీ ఎందుకక్కా అనే కరుణ ఆ రోజు అడగలేదు. నేలకేసి చూస్తూ గ్లౌజుల డబ్బా సర్దుకుంది.

ఆమెకు అవమానం జరగకుండా కాపాడాననుకున్నాను. నిజంగానే అనుకున్నానా? అనుకున్నాననే ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. కానీ కొన్నాళ్లకు ఆ రూలు సడలింది. పద్మ కాన్పు చేస్తే పద్మే ఎత్తుకొచ్చేది. కొత్తగా వచ్చిన ఇంకో ఇద్దరూ అప్పుడప్పుడు ఎత్తుకొచ్చేవారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కరుణ ఒక్కదాని దగ్గరే రూలు రూలుగా ఉండిపోయింది. ఆమె బిడ్డను తుడిచి, చుట్టి, నా చేతికి ఇచ్చేది. నేను తలుపు తీసుకుని బయటికి పోయి దీవెనలు తీసుకునేదాన్ని. ఆమె కష్టానికి వచ్చిన దీవెన, నా చేతులకు. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి. దొంగతనం అని అప్పుడు ఎవరైనా అని ఉంటే చెప్పు తీసుకుని కొట్టేదాన్ని.

నేను అవమానం ఎరగని మనిషినా? కాదు. నర్సు ట్రైనింగులో కోస్తా పిల్లలు నా మాటను ఎక్కిరించి, 'గిట్ల' అని నా వెనకాల పాడేవారు. నేను బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఆ బాధ నాకు తెలుసు కాబట్టి నేను ఇంకొకరికి ఆ పని చేయనని ధీమా. తెలిసినంత మాత్రాన ఏమీ కాదని ఇప్పుడు చెప్పగలను.

ఇక ఆ రోజు.

వర్షం పడుతున్న పొద్దు. కొడకండ్ల వైపు నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చింది. కోడలికి పెళ్లయిన చాలా ఏళ్లకు తొలి కాన్పు. రెండు జీపుల మనుషులు వరండా అంతా నిండిపోయారు. గొడుగుల నీళ్లు, చెప్పుల బురద, ఎవరు లోపలికి తొంగిచూస్తారోనని ఆయాకు కాపలా. డాక్టరమ్మ పక్కనే ఆపరేషన్ థియేటర్లో సిజేరియన్‌లో ఉంది. కాన్పు కరుణ చేసింది. మగపిల్లవాడు. ఏడవడం కొంచెం ఆలస్యమైంది, ఏడ్చాడు. నేను వచ్చేసరికి కరుణ వాణ్ని ఒళ్లు వెచ్చగా ఉంచే వార్మర్ కింద పెట్టి, వంగి, రొమ్ము మీద చూపు నిలిపి ఉంది.

'అక్కా, బిడ్డ మూలుగుతున్నడు. రొమ్ము లోపలికి గుంజుతున్నది. డాక్టరమ్మ వచ్చేదాంక బయటికి వద్దు' అంది.

నేను చూశాను. ఎర్రగా ఉన్నాడు. కాళ్లు ఆడిస్తున్నాడు. చిన్న మూలుగు వినిపించింది, వినిపించలేదని చెప్పను. బయట తలుపు మీద దబదబా బాదుతున్నారు. కొందరు బిడ్డలు పుట్టగానే కాసేపు ఊపిరికి కష్టపడి మూలిగి తేరుకోవడం నేనూ చూశాను. అదీ నా సాకు. కానీ సాకు వెనక ఇంకొకటి ఉంది, దాన్ని బయటికి లాగడానికే ఇదంతా రాస్తున్నాను. కరుణ ఆ మాట అనగానే నాకు బిడ్డ గుర్తు రాలేదు. రూలు గుర్తొచ్చింది. ఈ పిల్లకు ఇన్నాళ్లుగా కడుపులో ఉన్న కోపం ఇలా తీర్చుకుంటోంది, తనను పోనివ్వడం లేదని నన్నూ పోనివ్వకుండా ఆపుతోంది అనుకున్నాను. ఆ మాటే పద్మ అని ఉంటే ఆగేదాన్నా? ఆగేదాన్ని. ఎన్నిసార్లు తిప్పి అడిగినా ఇదే జవాబు వస్తోంది.

'నాకు నేర్పకు. గిప్పుడే చూపించి తెస్త. నువ్వు తల్లిని చూడు' అన్నాను.

ఆమె వార్మర్ అంచు మీద నుంచి చెయ్యి తీయలేదు. 'అక్కా, జర వినండి' అంది. నేను ఆ చెయ్యి తప్పించి బిడ్డను ఎత్తుకున్నాను.

తలుపు తీయగానే అరుపులు. నాయనమ్మ ఏడుస్తోంది, నవ్వుతోంది. కొంగు చాచి అందుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది, బయటి నుంచి జల్లు గాలి కొడుతోంది. ఎవరో ఫోన్ పట్టుకుని దుబాయిలో ఉన్న చిన్నాయనకు చూపిస్తున్నారు. మగపిల్లవాడేనా అని ఒకామె బట్ట విప్పి చూసింది. ఇంకొకామె ఎత్తుకుంది. ఇంకొకామె. ఇక చాలు, ఇవ్వండి అనాలి నేను. అనలేదు. నాయనమ్మ నా రెండు చేతులూ తన కళ్లకు అద్దుకుంటోంది, 'నీ చేతులు సల్లగుండ బిడ్డా, నా ఇంట్ల దీపం పెట్టినవ్' అంటోంది. నేను అందులో ఉన్నాను. వాళ్ల ఆనందంలో కాదు, నాకు జరుగుతున్న మర్యాదలో.

ఒక మేనత్త 'గిట్ల నల్లగయితున్నడేంది?' అంది.

పెదాలు నీలంగా ఉన్నాయి. ఆ తర్వాత నాకు గుర్తున్నది ముక్కలు ముక్కలుగానే. లాక్కుని లోపలికి పరుగెత్తాను. నేను పెట్టిన మాస్కు బిడ్డ ముఖం మీద నిలవలేదు. కరుణ నా చేతుల్లోంచి తీసుకుంది. ఒక్క మాట కూడా అనకుండా అంబు బ్యాగు నొక్కుతూ, పెదాలతో లెక్క పెట్టుకుంటూ ఊపిరి అందించింది. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. బిడ్డ ఒకసారి గుక్క పెట్టాడు. అంబులెన్సులో వరంగల్ తీసుకుపోయారు. అంబులెన్సు ఎక్కింది కూడా కరుణే, దారంతా బ్యాగు నొక్కుతూ. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. 

బయట రభస మొదలైంది. కుర్చీలు పడ్డాయి. కరుణ తిరిగొచ్చేసరికి పెద్ద డాక్టరుగారు వచ్చి మమ్మల్ని గదిలోకి పిలిచారు. మంచి మనిషే, కానీ భయస్థుడు. కిటికీ అవతల జనం, లోపల ఆయన, కరుణ, నేను. కరుణ ఇంకా కాన్పు నెత్తురు అంటిన చీరతోనే ఉంది.

ఆయన మొదట కరుణను అడిగారు. 'బిడ్డకు బాగలేదని నీకు తెల్వదా? తెలిస్తే ఎందుకు చెప్పలేదమ్మా?'

'చెప్పిన సార్. అక్కకు చెప్పిన' అంది కరుణ.

ఆయన నా వైపు తిరిగారు. 'చెప్పిందా?'

కరుణ కూడా నా వైపు తిరిగింది. ఆ ముఖంలో భయం లేదు. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. నిజం చెప్తానని ఆమెకు నమ్మకం. ఒక బల్ల మీద తిన్నవాళ్లం కదా. 'మీరే చెప్పండక్కా' అంది.

నేను చెప్పాను. 'డెలివరీ చేసింది కరుణ సార్. నా చేతికి ఇచ్చేటప్పుడు బిడ్డ మంచిగనే ఉండె. నాకేం చెప్పలేదు.'

 కరుణ వాదించలేదు.  అంత మాటకారి పిల్ల. ఆమె ఎందుకు అరవలేదని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. అరిస్తే ఎవరు నమ్ముతారని లెక్క వేసుకుని ఉంటుంది. నేను పర్మినెంటు, ఆమె కాంట్రాక్టు. నా పేరు అందరికీ తెలుసు. ఆమె ఇంటిపేరు కూడా అందరికీ తెలుసు.

ఆ లెక్క తప్పు కాదని కాసేపటికే రుజువైంది. లోపల కాన్పు చేసింది ఎవరని బయట అడిగారు. ఎవరో చెప్పారు. ఊరు చెప్పారు, తండ్రి పేరు చెప్పారు. నా చేతులు కళ్లకద్దుకున్న నాయనమ్మే వరండాలో కూలబడి, 'గందుకే నా బిడ్డకు గిట్లయింది. మొదలు పట్టిన చెయ్యి మంచిది గాదు' అని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు అవునవును అన్నారు. బిడ్డకు ఊపిరి పోసిన చేతులవి. ఊపిరి పోగొట్టిన చేతులు నావి, వాటిని దీవించి ఇంకా పూటన్నా కాలేదు. నేను విన్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని మందుల అలమర దగ్గర నిలబడ్డాను.

బిడ్డ బతికాడు. వరంగల్‌లో చాలా రోజులుంచి పంపించారు. బతికాడు కదా అని ఎంత గట్టిగా పట్టుకున్నానో ఆ మాటను. కరుణ ఉద్యోగం కూడా పోలేదు కదా అనుకున్నాను. ఆమెను కాన్పు గదిలోకి మాత్రం రానివ్వవద్దన్నారు. కొన్నాళ్లు దుప్పట్ల గదిలో కూర్చోబెట్టారు. కొత్త కాంట్రాక్టు వచ్చినప్పుడు భూపాలపల్లి వైపు, అడవి దగ్గర ఒక చిన్న దవాఖానకు వేశారు. పోయే రోజు బల్ల దగ్గరికి వచ్చి అందరికీ చెప్పి పోయింది. నాకూ చెప్పింది. 'వస్తనక్కా' అంది. నేను జాగ్రత్తగా పో అన్నాను. ఇంకేం అనాలి?

కొన్ని నెలలకు ఆ కుటుంబం బిడ్డను తీసుకుని మిఠాయి పెట్టెతో నన్ను చూడటానికి వచ్చింది. మీ చేతుల మీద బతికిండు అన్నారు. పెట్టె తీసుకున్నాను. బల్ల మీద పెట్టి అందరికీ పంచాను. నేనూ తిన్నాను. ఇది కూడా రాయాలి కదా.

ఒకసారి కరుణ దగ్గరికి పోయాను. భూపాలపల్లిలో చుట్టాల పెళ్లి ఉంటే, అక్కడి నుంచి బస్సెక్కి పోయాను. ఇంజెక్షన్ల గదిలో ఉంది. జుట్టు తెల్లబడటం మొదలైంది. కూనిరాగాలు లేవు. చాయ్ తెప్పించింది, మా పిల్లల గురించి అడిగింది. ఇక్కడ కాన్పులు ఉండవక్కా, అన్నీ పెద్ద దవాఖానకే పంపుతరు అంది మామూలుగా. నేను 'కరుణా, ఆ రోజు...' అని మొదలుపెట్టాను. ఆమె నా ముఖంలోకి నేరుగా చూసింది. 'చాయ్ సల్లారుతది. తాగండి' అంది. నేను తాగాను. ఆమె నన్ను ఆపిందని తిరుగు బస్సులో నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా చెప్పదలచుకున్న మనిషి చాయ్‌కి ఆగుతుందా?

ఇది ఇక్కడితో పోయి ఉంటే నేను దీన్ని నాతోనే కాటికి తీసుకుపోయి ఉండేదాన్ని. పోలేదు.

ఈ మధ్య మహబూబాబాద్‌లో కొత్త నర్సులకు ఒక శిక్షణ పెట్టారు. దవాఖానల్లో పనిచేసేవాళ్లంతా సమానమే, కులం, మతం, తండా, ఊరు అని తేడా చూడొద్దు, అందరినీ కలుపుకుపోవాలి అని. నన్ను మాట్లాడమని పిలిచారు. మీ వార్డులో ఏనాడూ అలాంటి గొడవ రాలేదు కదమ్మా, ఆ బల్ల సంగతి చెప్పండి అన్నారు. పోకుండా ఉండాల్సింది. పోయాను. ఇస్త్రీ చీర కట్టుకుని మరీ పోయాను. బల్ల గురించి చెప్పాను. ఎవరి కూర ఎవరిదో తెలిసేది కాదన్నాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడు వెనక వరుసలో ఒక అమ్మాయి లేచింది. తండా నుంచి వచ్చిన పిల్ల, ఇప్పుడు నా పాత వార్డులోనే పని చేస్తోందట. 'మేడం, మా వార్డుల బిడ్డను బయట చూపించేది ఇన్‌చార్జి మేడమే. వేరే వాళ్లు ఒక్కోసారి పోతరు. నన్ను మాత్రం ఎప్పుడు పోనియ్యలే. అడిగితే గిది మీరు పెట్టిన పద్ధతి అన్నరు. ఎందుకు పెట్టిండ్రు మేడం?'

కరుణ అడగని ప్రశ్న. అన్నేళ్ల తర్వాత ఇంకో గొంతుతో వచ్చింది.

హాలంతా నా వైపు చూస్తోంది. నా నోరు తనంతట తానే కదిలింది. 'ఇన్‌ఫెక్షన్ రాకుండా అమ్మా. బిడ్డలు తారుమారు కాకుండా' అన్నాను. అమ్మాయి 'సరే మేడం' అని కూర్చుంది. కూర్చునే ముందు నన్ను ఒక్క చూపు చూసింది. నమ్మలేదు. నమ్మలేదని చెప్పే స్థితిలో కూడా లేదు. తర్వాత భోజనాలు పెట్టారు. అందరం ఒకే వరుసలో కూర్చుని తిన్నాం. 

ఇంటికొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు పాత వార్డుకు ఫోన్ చేశాను. ఇప్పుడు అక్కడ ఇన్‌చార్జి పద్మ. ఆ రూలు తీసెయ్యి, కాన్పు ఎవరు చేస్తే వాళ్లే ఎత్తుకుపోనీ అన్నాను. 'అట్లెట్లక్కా? మీరు పెట్టిన పద్ధతే గదా. మంచిగనే నడుస్తుంది. ఎవ్వరితోని లొల్లి లేదు' అంది. నేను మళ్లీ చెప్పాను. 'ఎందుకక్కా ఇప్పుడు? ఏమైంది?' అంది. ఏమైందో చెప్పాలి. అది చెప్పకుండా ఆ రూలు పోదు. నేను చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. ముందు మీకు. మీ ముందు నోరు తిరిగితే ఆ తర్వాత పద్మ ముందు, ఆ తండా పిల్ల ముందు తిరుగుతుందేమోనని. తిరుగుతుందని మాట ఇవ్వలేను. నా సంగతి నాకు తెలుసు. కరుణ క్షమిస్తుందని కూడా ఆశ లేదు. క్షమించమని అడిగితే అది ఇంకో దీవెన అడగడమే అవుతుంది, ఆమె దగ్గర ఇప్పటికే చాలా తీసుకున్నాను. కాన్పులు చేసే చేతులు ఆమెవి. అవి ఇన్నేళ్లుగా పరాయి ఊళ్లో దూది తుంచుతున్నాయి. వాటిని నేను తిరిగి ఇవ్వలేను.

ఒకటి మాత్రం చేయగలను. ఆ గదిలో పెద్ద డాక్టరుగారు అడిగిన ప్రశ్నకు జవాబు నేనింకా ఇవ్వలేదు. ఆయన ఇప్పుడు లేరు. అయినా ఆ ప్రశ్న ఉంది. ఆమె నీకు చెప్పిందా అని అడిగారు. కరుణ పక్కనే నిలబడి, నా ముఖం చూస్తూ, ఇంకా ఎదురుచూస్తోంది.

చెప్పింది సార్. రెండుసార్లు చెప్పింది. నేనే వినలేదు.